సినిమా చూశాక ఏ చరిత్ర పుస్తకం పట్టుకున్నారు? నేను ఆర్ఆర్ఆర్‌తో మొదలుపెడుతున్నా

పద్మజ_కాకినాడ:

పోయిన నెల ఒక ఆదివారం మా అబ్బాయి పట్టుబట్టి ఆర్ఆర్ఆర్ మళ్ళీ పెట్టించాడు. 2022లో థియేటర్‌లో చూసినప్పుడు వాడు బాగా చిన్నవాడు, డాన్సు తప్ప ఏమీ గుర్తులేదు. ఇప్పుడు ఏడో తరగతి. సినిమా అయిపోయాక "అమ్మా, ఈ అల్లూరి, కొమురం భీం ఇద్దరూ నిజంగా కలిశారా?" అన్నాడు. లేదురా, అది కల్పన అని చెప్పాను. "మరి నిజంగా వాళ్ళు దేనికోసం కొట్లాడారు?" అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. గోదావరి జిల్లాలో పుట్టి పెరిగినదాన్ని, మా స్కూల్లో అల్లూరి పటం ఉండేది, ఏటా జులై 4న దండ వేసేవాళ్ళం. 1897లో పాండ్రంగిలో పుట్టాడు, 1924 మే 7న కొయ్యూరులో కాల్చి చంపారు, ఈ రెండూ నోటికి వచ్చు. మధ్యలో ఏం జరిగిందంటే "బ్రిటిష్ వాళ్ళ మీద పోరాడాడు" అంటాను, అంతే. దేని గురించి అంటే చెప్పలేను. చాలా బాధ అనిపించింది.

అప్పటినుంచి రోజూ రాత్రి చదువుతున్నాను. లైబ్రరీలో దొరికినవి, తెలిసినవాళ్ళ ఇంట్లోవి, ఏవి చిక్కితే అవి. అసలు గొడవ అడవిదని ఇప్పుడు అర్థమైంది. 1882 మద్రాసు అటవీ చట్టంతో కొండలన్నీ సర్కారువి అయిపోయాయి, కొండ మీద పోడు చేసుకుంటే నేరం, మేకలు తోలుకెళ్తే నేరం, కట్టెలు తెచ్చుకుంటే నేరం. దానిపైన రోడ్డు పని. కొండల్లోకి రోడ్లు వేయడానికి గిరిజనులనే కూలికి తోలుకెళ్ళి, చెప్పిన కూలి ఇవ్వకుండా కొట్టి పని చేయించారు. గూడెం తహసీల్దారు బాస్టియన్ అనేవాడి పేరు ప్రతి పుస్తకంలోనూ కనిపిస్తోంది.

ఆ తర్వాత 1922 ఆగస్టులో అల్లూరి దాడులు. 22న చింతపల్లి పోలీసు స్టేషను, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు! చింతపల్లిలో 11 తుపాకులు, కృష్ణదేవిపేటలో 7, రాజవొమ్మంగిలో 8. మా వాడు కూడి 26 అని చెప్పాడు. ఏమేం తీసుకెళ్తున్నామో స్టేషను పుస్తకంలో రాసి సంతకం పెట్టి వెళ్ళాడని చదివి వాడు ఆశ్చర్యపోయాడు. సినిమాలో ఏ ఫైటూ వాడికి ఇంత నచ్చలేదు.

మీలో ఎవరికైనా ఇలా జరిగిందా? ఏ సినిమా చూసి ఏ చరిత్రలోకి వెళ్ళారో చెప్పండి. అల్లూరి గురించి ఇంకా ఏం చదవాలో కూడా చెప్పండి.

మన్యం_మేష్టారు:

పద్మజ గారూ, ఈ పోస్టు చూసి చాలా సంతోషం కలిగింది. ఇరవై ఏళ్ళకు పైగా ఏజెన్సీ బడుల్లో పాఠాలు చెబుతున్నాను, కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను.

ముందు పోడు సంగతి. మైదానం వాళ్ళకు పోడు అంటే అడవి తగలబెట్టడం అని ఒక అభిప్రాయం ఉంది, అది సరికాదు. వాలులో తుప్పలు కొట్టి ఎండబెడతారు, వానలకు ముందు కాలుస్తారు, ఆ బూడిదే ఎరువు. అందులో సామలు, చోళ్ళు, కందులు కలిపి చల్లుతారు. రెండు మూడేళ్ళయ్యాక ఆ చెక్క వదిలేసి పక్క చెక్కకు పోతారు, వదిలేసినదాంట్లో మళ్ళీ చెట్లు లేస్తాయి. ఆ తిరుగుడుకు జాగా ఉండాలి. రిజర్వు ఫారెస్టు అని గీత గీయగానే తిరగడానికి జాగా పోయింది, ఉన్న చెక్కే మళ్ళీ మళ్ళీ దున్నాల్సి వచ్చింది, పంట తగ్గింది, అప్పు పెరిగింది. షావుకారు అక్కడే కాచుకుని కూర్చున్నాడు.

రెండోది, ఇది 1922లో మొదలైన గొడవ కాదు. 1879లోనే రంపలో పెద్ద తిరుగుబాటు వచ్చింది. కల్లు గీసుకోవడం కొండవాళ్ళకు తాతల నాటి హక్కు. దాని మీద చిగురుపన్ను వేశారు, కల్లు హక్కులను బయటినుంచి వచ్చిన కాంట్రాక్టర్లకు గుత్తకు ఇచ్చారు. ఆ పేరే చూడండి, చిగురుకు పన్ను! కారం తమ్మన్నదొర, చంద్రయ్య లాంటి వాళ్ళు లేచారు. అల్లూరి సీతారామరాజు వచ్చేనాటికి ముసలివాళ్ళకు ఆ సంగతులన్నీ గుర్తున్నాయి. అందుకే ఒక పాతికేళ్ళ కుర్రాడు కింద నుంచి వచ్చి పిలిస్తే కొండ కదిలింది.

మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ములు. గంటందొర ముఠాదారు, అంటే కొన్ని కొండ ఊళ్ళకు సర్కారు తరఫున పెద్ద. ఆ ముఠాదారీ పోగొట్టుకుని రాజుతో కలిశాడు. రాజవొమ్మంగి స్టేషను మీద పడినప్పుడు అక్కడ బంధించి ఉన్న వీరయ్యదొరను విడిపించారు. అగ్గిరాజు అని ఇంకొకరు, అండమాన్‌కు పంపారు, అక్కడే పోయాడు. రాజును చంపాక నెల తిరిగేసరికి గంటందొర కూడా కాల్పుల్లో పోయాడు. మల్లుదొరకు అండమాన్ శిక్ష పడింది. విడుదలై తిరిగి వచ్చాడు, 1952లో మొదటి లోక్‌సభకు విశాఖపట్నం నుంచి గెలిచాడు. సర్కారు స్టేషన్ల మీద పడి తుపాకులు తెచ్చిన మనిషి పార్లమెంటులో కూర్చున్నాడు. ఈ కథ మీద ఒక్క సినిమా కూడా నేను చూడలేదు.

జోడేఘాట్_దారిలో:

మేష్టారు గారికి నమస్కారం. మాది ఆసిఫాబాద్ దిక్కు. పద్మజక్కా, మీ బాబు అడిగిన ప్రశ్నలో సగం జవాబు మా దగ్గర ఉంది.

భీం కూడా అడవి కోసమే లేచిండు. సంకెపల్లిలో పుట్టిండు, నాయిన పోయినంక ఇల్లు సుర్దాపూర్‌కు మారింది. అక్కడ దున్నుకున్న భూమిని సిద్దిఖీ అనేటాయన తనదన్నడు. ఆ గొడవలో సిద్దిఖీ చనిపోయిండు. భీం చాందాకు పారిపోయిండు, ఆడికెళ్ళి అస్సాం తేయాకు తోటలకు కూలి పనికి పోయిండు. చదువు, రాత, లోకం ఎట్ల నడుస్తదనేది అంతా ఈ తిరుగుడులనే నేర్చుకున్నడు. తిరిగొచ్చి జోడేఘాట్, బాబెఝరి తోటి పన్నెండు గూడేలను కలిపి, ఈ భూమికి మాకు పట్టాలియ్యండి, అడవి మీద మా హక్కు మాకియ్యండి అని నిజాం సర్కారును అడిగిండు. జల్, జంగల్, జమీన్ అంటే ఇదే. 1940 సంవత్సరంల జోడేఘాట్ కొండ మీద కాల్చి చంపిన్రు. కొమురం సూరు లాంటి సోపతిగాళ్ళ పేర్లు బయటోళ్ళకు తెల్వయి.

మావోళ్ళు ఆశ్వయుజ పున్నమి నాడు యాది చేసుకుంటరు. పుస్తకాలల్ల తారీఖులు తీరుతీరుగ ఉంటయి గాని జోడేఘాట్‌ల పున్నమే లెక్క. ఆ దినం కొండ నిండ జనం ఉంటరు, మా అవ్వ వయసోళ్ళు కూడ నడిచి ఎక్కుతరు.

ఆర్ఆర్ఆర్ నేను మూడు సార్లు చూసిన, నచ్చింది, అబద్ధమెందుకు. కాని అందుల భీం ఒక పిల్లను తెచ్చుకోవడానికి ఢిల్లీ పోతడు. అసలు భీం అడిగింది పట్టా. పట్టా కాయితం మీద మూడు గంటల సినిమా తీయడం కష్టమని తెలుసు, అయినా నా మనసు దాని మీదనే ఉంటది.

అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన "కొమురం భీం" నవల చదవండి. ఎనభైలల్ల వాళ్ళు గూడేలు తిరిగి, ముసలోళ్ళను అడిగి రాసిన్రు.

పద్మజ_కాకినాడ:

తమ్ముడూ, మేష్టారు గారూ, ఇద్దరికీ చాలా థాంక్స్. పట్టా మాట మా వాడికి చదివి వినిపించాను. "అంటే కాగితం ఇచ్చేస్తే అయిపోయేదా?" అని అడిగాడు. ఏం చెప్పాలి?

జోడేఘాట్_దారిలో:

అయిపోయేది కాదక్కా, కాని ఆ ప్రశ్న మంచిగుంది. భీం పోయినంక సర్కారే ఒక మనిషిని పంపింది, ఈ గోండులు ఎందుకు తిరగబడ్డరో తెలుసుకురమ్మని. ఆయన పేరు హైమెండార్ఫ్, ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవ శాస్త్రవేత్త. భార్య బెట్టీతో కలిసి మార్లవాయి గూడెంల ఉన్నడు. ఇక్కడి తిండి తింటూ, గోండి నేర్చుకుంటూ, పండుగలు, కథలు, పాటలు అన్నీ రాసుకున్నడు. భూమి చేతులు మారడమే అసలు కారణమని సర్కారుకు రాసిచ్చిండు. ఆ తర్వాత మార్లవాయిల బడి పెట్టిన్రు, గోండిల వాచకాలు వచ్చినయి, కొందరికి పట్టాలు కూడ వచ్చినయి. అంటే భీం బతికున్నప్పుడు అడిగింది ఆయన పోయినంక కొంత ఇచ్చిన్రు. ఇద్దరు దంపతుల సమాధులు మార్లవాయిలనే ఉన్నయి, మావోళ్ళు ఇప్పటికీ పూలు పెడతరు.

హైమెండార్ఫ్ ఫొటోలు దొరికితే మీ బాబుకు చూపించండి. మా తాతల ముఖాలు అట్ల చూసుడు నాకు ఏ సినిమాలనూ దొరకలే.

ఫణి_బెంగళూరు:

నాది కొంచెం వేరే మాట, ఎవరూ బాధపడొద్దు. నేను సాఫ్ట్‌వేర్‌లో పని చేస్తాను, చరిత్ర నాకు పదో తరగతితోనే అయిపోయింది. ఆర్ఆర్ఆర్ మొదట్లోనే ఇది కల్పితం అని వేస్తారు కదా, ఇక దాన్ని పట్టుకుని పట్టా ఏది, పోడు ఏది అని అడగడం సరికాదనిపిస్తుంది. ఇద్దరూ యవ్వనంలో కొన్నాళ్ళు ఊళ్ళో లేరు, ఆ టైంలో కలిసి ఉంటే ఎలా ఉంటుంది అన్న ఊహ అది. ఆ ఊహ లేకపోతే ఈ రోజు మనం ఇక్కడ మల్లుదొర గురించి మాట్లాడుకునేవాళ్ళమా?

నా అనుభవం చెబుతాను. 2019లో సైరా చూశాక మొదటిసారి మా నాన్నగారితో గంటసేపు మాట్లాడాను. మాది కోవెలకుంట్ల దగ్గర ఊరు, అయినా ఉయ్యాలవాడ నరసింహారెడ్డి గురించి ఆయన అప్పటివరకు చెప్పలేదు, నేను అడగనూ లేదు. ఆ రాత్రి ఆయన చెప్పింది విని, తర్వాత వెతికి చదివాను. పాలెగాళ్ళను తీసేసి కంపెనీ వాళ్ళు పింఛన్లు ఇచ్చారు. నరసింహారెడ్డికి వచ్చే భాగం నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు! ఆ అంకె అణా పైసలతో సహా రికార్డులో ఉంది. వేరే శాఖ వాళ్ళు వారసులు లేకుండా పోతే ఆ పింఛను ఇతనికి ఇచ్చేది లేదన్నారు. అదే సమయంలో కట్టుబడి వాళ్ళ మాన్యాలు లాక్కున్నారు. ఊళ్ళకు కాపలా కాసేవాళ్ళు వాళ్ళు, ఆ పనికి ఇచ్చిన భూములవి. వాళ్ళంతా రెడ్డి వెనక నిలబడ్డారు. 1846 జులైలో కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డారు. 1847 ఫిబ్రవరి 22న ఉరి తీశారు. తలను కోట మీద 1877 వరకు వేలాడదీసి ఉంచారు. అంటే ముప్పై ఏళ్ళు. మా ముత్తాత చిన్నప్పుడు ఆ దారిన పోయినప్పుడు ఆ తల చూసి ఉండొచ్చు కదా అనుకుని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ సినిమాను 1857లో ఝాన్సీ రాణి చెప్పే కథలా మొదలుపెట్టారు. అది కూడా ఊహే. నాకు అభ్యంతరం లేదు, ఎందుకంటే దానివల్లే మా నాన్న నాతో మాట్లాడారు.

సుజాత_హనుమకొండ:

ఫణి గారూ, మీ నాన్నగారి సంగతి చదివి కళ్ళు చెమర్చాయి. కానీ ఒక్క తేడా చెప్పనివ్వండి. తెలియని చోట ఊహించి నింపడం ఒకటి, తెలిసిన మనుషుల్ని కథలోంచి తీసేయడం ఇంకొకటి. మొదటిదానికి నేనూ ఒప్పుకుంటాను.

నన్ను చదువులోకి లాగింది "మా భూమి". 1980లో విడుదలైంది, గౌతం ఘోష్ దర్శకత్వం, బి. నర్సింగరావు నిర్మాత. అప్పటికి నేను పుట్టలేదు, ఈ మధ్యే మా అమ్మతో కలిసి చూశాను. కథానాయకుడు రామయ్య కల్పిత పాత్ర. అయినా అందులో దొర గడి, వెట్టి, ఆ ఊళ్ళో ఆడవాళ్ళ పరిస్థితి, ఏదీ కల్పన అనిపించదు. గద్దర్ బండెనక బండి పాట పాడేటప్పుడు మా అమ్మ కూడా పాడింది. అది బండి యాదగిరి కట్టిన పాట, సినిమా కంటే ముప్పై ఏళ్ళు పాతది, మా అమ్మ వాళ్ళ అమ్మ దగ్గర నేర్చుకుందట.

అక్కడి నుంచి పుచ్చలపల్లి సుందరయ్య గారు రాసిన తెలంగాణ సాయుధ పోరాట చరిత్ర చదివాను. విసునూరు దేశ్‌ముఖ్‌కు 40 వేల ఎకరాలు, జన్నారెడ్డి ప్రతాపరెడ్డికి లక్షన్నర ఎకరాలు అని అందులో ఉంది. లక్షన్నర ఎకరాలు ఒక్క మనిషికి! ఎంత ఆలోచించినా ఆ విస్తీర్ణం నా ఊహకు అందలేదు. చాకలి ఐలమ్మ గొడవ మాత్రం నాలుగెకరాల కౌలు భూమి గురించి. పాలకుర్తిలో ఆమె పండించిన పంటను దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోవడానికి వచ్చారు, ఆమె పోనివ్వలేదు. 1946 జులై 4న కడవెండిలో ఊరేగింపు మీద గడి నుంచి కాల్చారు, దొడ్డి కొమరయ్య చనిపోయాడు. పద్మజ గారు మీరు రాసిన జులై 4 చూసి ఒక్కసారి ఆగాను. మీరు అల్లూరికి దండ వేసే రోజే మేము కొమరయ్యకు దండ వేస్తాం.

మీరు ఒక్క పుస్తకం చదవాలంటే "మనకు తెలియని మన చరిత్ర" చదవండి. స్త్రీశక్తి సంఘటన వాళ్ళు ఆ పోరాటంలో ఉన్న ఆడవాళ్ళను కలిసి, వాళ్ళ మాటలు వాళ్ళ యాసలోనే వేశారు, 1986లో. ఐలమ్మ, మల్లు స్వరాజ్యం, ప్రియంవద, ఇంకా చాలామంది. కమలమ్మ అని ఒకామె, దళంతో అడవిలో ఉండగా బిడ్డ పుడితే ఆ బిడ్డను వదులుకోవాల్సి వచ్చింది. ఆమె చెప్పింది చదివాక రెండు రోజులు పుస్తకం మూసి పెట్టాను. పోరాటం ఆగిపోయాక ఇంటికి పొమ్మన్నారు, ఏ ఇంటికి పోవాలి అని అందులో ఆడవాళ్ళు అడుగుతారు. సినిమా గెలుపు దగ్గరో చావు దగ్గరో ఆగుతుంది. వాళ్ళ జీవితం ఆ తర్వాత నలభై ఏళ్ళు నడిచింది.

మన్యం_మేష్టారు:

సుజాత గారు చెప్పిన తేడా గురించి నా బడిలో జరిగింది చెబుతాను.

సినిమా వచ్చిన ఏడాది ఆగస్టులో చింతపల్లి దాడికి వందేళ్ళు నిండాయి. క్లాసులో రాజు గురించి అడిగితే సగం మంది పిల్లలు "ఆయన ముందు పోలీసు, తర్వాత మారాడు" అన్నారు. ఏజెన్సీ పిల్లలు! ఆ ఊళ్ళ పక్కనే పుట్టిన పిల్లలు. వాళ్ళ తప్పు కాదు, వాళ్ళు చూసింది అది. సరే, దాన్ని సరిచేయడం తేలిక, ఒక పూట పని. కానీ వెనక బెంచీలో ఒక కొండదొర అమ్మాయి లేచి "ఆ సినిమాలో రాజుగారి పక్కన మనవాళ్ళు ఎవరూ లేరేంటి సార్?" అని అడిగింది. ఫణి గారూ, నేను చెప్పేది అదే బాబూ. కల్పన అని బోర్డు పెట్టారు, నిజమే. ఆ బోర్డు ఆ పిల్లకు జవాబు ఇవ్వదు.

అలాగని కోపం లేదు. కృష్ణ గారి సినిమా 1974లో వచ్చింది, రాజు చనిపోయి సరిగ్గా యాభై ఏళ్ళకు. మా నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకుని చూపించారు. అందులో శ్రీశ్రీ రాసిన పాటకు జాతీయ పురస్కారం వచ్చింది. ఆ పాట లేకపోతే నేను ఈ కొండల్లో ఉద్యోగం అడిగి తీసుకునేవాణ్ణి కాదు. సినిమా చేసే మేలు నాకు తెలుసు.

ఫణి_బెంగళూరు:

మేష్టారు, ఆ అమ్మాయి ప్రశ్న చదివాక నా మాట కొంచెం వెనక్కి తీసుకుంటున్నాను. పూర్తిగా కాదు, కొంచెం. మా కట్టుబడి వాళ్ళ మనవళ్ళు కూడా సైరా చూసి అదే అడిగి ఉంటారు కదా, ఎప్పుడూ నాకు ఆ ఆలోచనే రాలేదు.

ఇంకొకటి గమనించాను. ఇక్కడ మనం చెప్పుకున్న ప్రతి తిరుగుబాటు మొదట్లో ఒక లెక్కల పుస్తకం ఉంది. 11 రూపాయల పింఛను, చిగురుపన్ను, రోడ్డు కూలి, పన్నెండు గూడేల పట్టా, నాలుగెకరాల కౌలు. దేశం, స్వాతంత్ర్యం అనే మాటలు తర్వాత వచ్చి చేరాయి. మా స్కూలు పుస్తకంలో ఇది ఒక్క ముక్క కూడా లేదు, ఉంటే నేను చరిత్ర వదిలేసేవాణ్ణి కాదేమో.

శాసనాల_శీను:

మంచి థ్రెడ్. నాది పాత కాలం. 2015లో రుద్రమదేవి చూసి చందుపట్ల వెళ్ళాను, నల్గొండ జిల్లాలో నకిరేకల్ దగ్గర. అక్కడ దొరికిన శాసనం 1289 నవంబరు 27 నాటిది. పువ్వుల ముమ్మడి అనే ఆయన వేయించాడు. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకానికి వెళ్ళారు, వాళ్ళ పుణ్యం కోసం ఈ భూమి ఇస్తున్నాను అని ఉంటుంది. ఈ శాసనం బయటపడక ముందు ఆమె 1295 దాకా ఏలిందని రాసేవాళ్ళు. రాణి, సేనాని ఇద్దరూ ఒకేసారి పోయారంటే యుద్ధంలోనే అని చరిత్రకారులు అనుకుంటారు, కాయస్థ అంబదేవుడితో పోరులో. అప్పటికి ఆమె ముసలావిడ. సినిమాలో ఆమె యవ్వనం చూశాం, నాకు ఆ ముసలి రాణి గుర్రం ఎక్కిన రోజు చూడాలని ఉంది.

ఆ సినిమాలోని గోన గన్నారెడ్డి కూడా నిజం మనిషే. కాకపోతే రాయచూరు కోట గోడ మీద ఆయన పేరున్న శాసనం 1294 నాటిది, అంటే ప్రతాపరుద్రుడి కాలం. నలభై అడుగులకు పైగా పొడవున్న ఒక్క రాయి మీద చెక్కారు, ఆ రాయిని బండి మీద ఎలా లాక్కొచ్చారో పక్కనే బొమ్మ కూడా చెక్కారు. బండి లాగిన వాళ్ళను గోడ మీద పెట్టిన కోట అది. ఫణి గారి లెక్కల పుస్తకం మాటకు ఇది కూడా కలపండి.

గౌతమీపుత్ర శాతకర్ణి చూసినవాళ్ళు జోగళ్తంబి నాణేల గురించి వెతకండి. నాసిక్ దగ్గర కుండలో 13 వేలకు పైగా వెండి నాణేలు దొరికాయి, అన్నీ నహపానుడివి, అందులో 9 వేలకు పైగా నాణేల మీద శాతకర్ణి తన ముద్ర మళ్ళీ కొట్టించాడు. ఓడిన రాజు ముఖం మీద గెలిచిన రాజు గుర్తు. ఇంతకంటే సూటిగా ఏ డైలాగూ చెప్పలేదు.

డాలస్_నుంచి_రమ:

ఇక్కడ పిల్లలతో ఛావా తెలుగు డబ్బింగ్ చూశాం. శంభాజీని 1689 మార్చిలో చంపారు కదా, దానికి ముందు రెండేళ్ళు ఔరంగజేబు ఎక్కడున్నాడని చూస్తే మన దగ్గరే ఉన్నాడు! 1687లో దాదాపు ఎనిమిది నెలలు గోల్కొండను ముట్టడించాడు. గోడలు పగల్లేదు, చివరికి లోపలివాళ్ళకు లంచం ఇచ్చి తలుపు తీయించాడు. అబ్దుర్ రజాక్ లారీ అనే సేనాని ఒక్కడు ఒంటినిండా గాయాలతో పోరాడాడు. తానీషాను దౌలతాబాద్‌లో బంధించారు, అక్కడే పోయాడు. అంతకు ముందే 1686లో అక్కన్న మాదన్నలను చంపేశారు. వాళ్ళ మేనల్లుడే మన రామదాసు.

హైదరాబాద్‌లో పదేళ్ళు ఉన్నాను, గోల్కొండకు ఎన్నిసార్లు వెళ్ళానో. చప్పట్లు కొట్టి పైన వినపడుతుందా అని చూడటం తప్ప ఇవేవీ తెలియవు. వచ్చే సెలవులకు వచ్చినప్పుడు పిల్లలను ఆ తలుపు దగ్గర నిలబెట్టి చెప్పాలి.

పద్మజ_కాకినాడ:

ఇంతమంది ఇంత ఓపికగా రాస్తారని అనుకోలేదు. ప్రతి పోస్టూ మా వాడికి చదివి వినిపించాను. రమ గారూ, గోల్కొండ సంగతి మా వారికి నచ్చింది, ఆయన దాన్ని పట్టుకున్నారు. సుజాత గారూ, మీరు చెప్పిన పుస్తకం తెప్పించాను, కమలమ్మ గారి దగ్గర నేనూ ఆగిపోయాను.

మేష్టారు గారూ, ఒక సాయం కావాలి. సంక్రాంతి సెలవుల్లో మా వాణ్ణి కృష్ణదేవిపేట తీసుకెళ్దామని ఉంది, రాజు సమాధి అక్కడే కదా. కాకినాడ నుంచి ఎలా రావాలి? కొయ్యూరు కూడా ఆ రోజే చూడొచ్చా?

మన్యం_మేష్టారు:

తప్పకుండా రండమ్మా. తుని మీదుగా నర్సీపట్నం వచ్చేయండి, అక్కడి నుంచి కృష్ణదేవిపేటకు బస్సు ఉంటుంది, కేడీపేట అని అడగండి, పూర్తి పేరు చెబితే కండక్టర్‌కు ఒక క్షణం పడుతుంది. కొయ్యూరుకు కేడీపేట దాటి ముందుకు వెళ్తే చాలు, ఒక్క రోజులో అవుతుంది, పొద్దున్నే బయలుదేరాలి. సంక్రాంతికి కొండ మీద చలి బాగా ఉంటుంది, బాబుకు స్వెట్టర్ తేవడం మరిచిపోవద్దు. లంబసింగి దాకా పోతే ఇంకో రోజు పెట్టుకోండి. ఆ ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు బాబుకు ఆ రోడ్డు పని ఎవరు చేశారో చెప్పండి.

సమాధి దగ్గర గంటందొరకు కూడా ఒక పువ్వు పెట్టించండి. వస్తున్నప్పుడు ఇక్కడ ఒక మాట రాయండి, నేను కలుస్తాను. ఆ ప్రశ్న అడిగిన అమ్మాయి ఇప్పుడు డిగ్రీ చదువుతోంది, సెలవులకు ఊళ్ళో ఉంటే ఆమెను కూడా రమ్మంటాను.

పద్మజ_కాకినాడ:

ఆమె వస్తే ఇంకేం కావాలి మేష్టారూ. మా వాడు ఒక నోట్‌బుక్కు పెట్టాడు, సినిమాలో లేని పేర్లు అని పైన రాశాడు. తమ్మన్నదొర, చంద్రయ్య, గంటందొర, మల్లుదొర, వీరయ్యదొర, అగ్గిరాజు, సూరు, కమలమ్మ, మల్లికార్జున నాయకుడు. తొమ్మిదయ్యాయి. చింతపల్లిలో రాజుతో ఉన్నవాళ్ళ పేర్లు, జోడేఘాట్‌లో భీంతో పాటు పోయినవాళ్ళ పేర్లు ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ పెట్టండి. వాడు రోజూ స్కూలు నుంచి వచ్చి చూస్తున్నాడు.